ఎం42 అడాప్టర్

42 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. పిచ్ గల మరతో బిగించే పాత లెన్సులను కొత్త కెమెరాలకు అమర్చే లోహపు వలయం ఎం42 అడాప్టర్. 1949లో డ్రెస్డెన్‌లో వెలువడిన కాంటాక్స్ ఎస్, ఆ తర్వాత ప్రాక్టికా కెమెరాలు ఈ మరను వ్యాప్తిలోకి తెచ్చాయి. 1957 నుంచి పెంటాక్స్‌లో దీన్నే వాడిన అసాహి సంస్థ 1975లో కె బయొనెట్‌కు మారింది.

లెన్సు ఆనుకునే అంచు నుంచి ఫిల్ము లేదా సెన్సారు వరకు ఉండే దూరమే అమరికకు కీలకం. ఎం42లో అది 45.46 మి.మీ., సోనీ ఇ మౌంటులో 18 మి.మీ.; మిగిలిన 27.46 మి.మీ.ను అడాప్టర్ పూరిస్తుంది. 44 మి.మీ. గల కేనన్ ఇఎఫ్‌కు పలుచని వలయం చాలు. నికాన్ ఎఫ్‌లో ఈ దూరం 46.5 మి.మీ. కావడంతో, అదనపు గాజు లేనిదే సుదూర దృశ్యాలకు ఫోకస్ కుదరదు.

ఫోకస్, అపెర్చర్ రెండింటినీ చేత్తోనే తిప్పాలి. వెనుక పిన్ను గల ఆటో లెన్సుకు దాన్ని నొక్కి ఉంచే అంచు అడాప్టర్‌లో ఉండాలి. అదీ, లెన్సుపై మాన్యువల్ మీటా రెండూ లేకపోతే అపెర్చర్ పూర్తిగా తెరిచే ఉండిపోతుంది. ఈ మర గల లెన్సుల్లో సోవియట్ హీలియోస్-44 నేపథ్యాన్ని సుడిలా చూపుతుంది. థోరియం గాజు గల కొన్ని అసాహి టాకుమార్ లెన్సులు పసుపెక్కుతాయి. అతినీలలోహిత కాంతి ఆ రంగును తగ్గిస్తుంది. తేమ ఎక్కువైన కోస్తాలో పాత లెన్సులకు బూజు బెడద. ఏటా సుమారు 550 మి.మీ. వానే కురిసే అనంతపురం పీఠభూమిలో ఫోకస్ మరల్లో చేరే దుమ్ముదే ఆ స్థానం.