కోట చెంతకు రైలు బాట

భువనగిరి: సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు బీబీనగర్ దాటగానే కిటికీ పక్కన కూర్చున్నవారికి బోర్లించిన కుండలాంటి నల్లరాతి గుట్ట కనబడుతుంది. 500 అడుగులకు పైగా ఎత్తున్న ఆ ఏకశిలపై భువనగిరి కోట, దాని పాదాన ఇరుకు వీధుల పాత పట్టణం, అక్కడికి ఆటోలో కొద్ది నిమిషాల దూరంలో రైల్వే స్టేషన్ ఉన్నాయి. నగరం నుంచి రైలులో ఉదయం బయలుదేరి, కోట ఎక్కి దిగి సాయంత్రానికి ఇల్లు చేరగల చారిత్రక పట్టణాలు హైదరాబాద్ పరిసరాల్లో ఎక్కువ లేవు. అయినా ఈ మార్గంలో వచ్చే యాత్రికుల్లో అధికులు యాదగిరిగుట్టకు వెళ్లే తొందరలో భువనగిరిని కిటికీలోంచి చూసి సరిపెట్టుకుంటారు.

నిజాం కాలం నాటి లైను

నిజాం ప్రభుత్వ హామీతో ఏర్పడిన రైల్వే సంస్థ సికింద్రాబాద్ నుంచి తూర్పుగా వేసిన ఈ మార్గం 1889 నాటికి బెజవాడ చేరింది. నల్గొండ వైపు వెళ్లే లైను భువనగిరికి ముందే, పగిడిపల్లి వద్ద విడిపోతుంది. సికింద్రాబాద్‌కు భువనగిరి దాదాపు 45 కిలోమీటర్లు. అందుకే ఉద్యోగులకు, విద్యార్థులకు, పాలు, కూరగాయలు అమ్ముకునేవారికి ప్యాసింజర్ రైలే ఆధారమయింది. గోల్కొండ, కృష్ణా వంటి ఎక్స్‌ప్రెస్‌లు కూడా ఇక్కడ ఆగుతాయి.

అయితే రద్దీ మార్గమిది. దూరప్రాంత రైళ్లకు, గూడ్సు బండ్లకు దారి ఇచ్చే క్రమంలో ప్యాసింజర్ పక్క లైనులో నిలిచిపోవడం నిత్య ప్రయాణికులకు కొత్త కాదు. 2020లో కరోనా కారణంగా ఆగిన ప్యాసింజర్ రైళ్లు మళ్లీ పట్టాలెక్కినప్పుడు ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో వచ్చాయి. రూ.10 కనీస టికెట్టు రూ.30 అయింది. పాత ఛార్జీ తిరిగి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. రోజుకూలీపై బతికేవారికి ఆ తేడా చిన్నది కాదు.

ఘట్‌కేసర్ నుంచి 33 కిలోమీటర్లు

జంటనగరాల్లో ఎంఎంటీఎస్ రైళ్లు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. వాటిని ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి స్టేషన్ వరకు, అంటే పాత రాయగిరి వరకు, 33 కిలోమీటర్ల మేర పొడిగించే ప్రాజెక్టుకు 2016లో ఆమోదం లభించింది. ఇందుకు మూడో లైను వేయాలి. అంచనా వ్యయం సుమారు రూ.330 కోట్లు. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. నిధుల దగ్గరే చిక్కు వచ్చిపడి ఏళ్లు గడిచాయి. చివరకు రైల్వే సొంత నిధులతోనే చేపడుతుందని 2023లో కేంద్రం ప్రకటించింది. 2024 మార్చి 5న లింగంపల్లి - ఘట్‌కేసర్ ఎంఎంటీఎస్ సేవలు ప్రారంభమయ్యాయి. భువనగిరి ప్రయాణికుడి దృష్టి ఆ తరువాతి 33 కిలోమీటర్ల పైనే ఉంది. ప్రాజెక్టుకు యాదాద్రి పేరు ఉన్నా, రోజూ ఉపయోగపడేది భువనగిరి, బీబీనగర్ వాసులకే. బీబీనగర్ ఎయిమ్స్‌కు వచ్చే రోగులకూ అది ఊరటే.

త్రిభువనమల్లుని గిరి

కల్యాణి చాళుక్య ప్రభువు ఆరవ విక్రమాదిత్యునికి (1076-1126) త్రిభువనమల్లుడని బిరుదు. ఆయన పేరు మీద త్రిభువనగిరి ఏర్పడి, కాలక్రమంలో భువనగిరిగా మారిందని చరిత్రకారులు చెబుతారు. నిజాం రికార్డుల్లో ఇది భోన్‌గిర్. కోట తరువాత కాకతీయుల చేతికి వచ్చింది. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల పేర్లు దీనితో ముడిపడి ఉన్నాయి. 1708 ప్రాంతంలో సర్దార్ సర్వాయి పాపన్న ఈ దుర్గంపై దాడి చేశాడు. ఏటవాలు బండకు మెట్లు తొలిచారు. వాన నీరు నిలిచే కొలనులు, శిథిల భవనాలు పైభాగంలో చూడవచ్చు.

ఆధునిక చరిత్రలోనూ ఈ ఊరికి స్థానం ఉంది. 1944లో ఆంధ్ర మహాసభ పదకొండవ సమావేశం భువనగిరిలోనే జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి స్వగ్రామం సమీపంలోని బొల్లేపల్లి. మితవాదులు వేరుపడగా సభ కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వెళ్లింది. తెలంగాణ సాయుధ పోరాటానికి దారి తీసిన మలుపు అది. కోట కోసం వచ్చేవారిలో ఈ సంగతి తెలిసినవారు అరుదు.

ఇదే బండపై శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద కేంద్రం ఈ కోటను ఎంపిక చేసింది.

చుట్టుపక్కల

యాదగిరిగుట్ట పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. పునర్నిర్మించిన ఆలయం 2022 మార్చి 28న భక్తులకు తెరుచుకుంది. కొలనుపాక జైన మందిరానికి ఇదే లైనులో ఆలేరు స్టేషన్‌లో దిగాలి. ఇక్కత్ నేతకు, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమ ఆరంభానికి ప్రసిద్ధమైన పోచంపల్లికి బీబీనగర్ నుంచి రోడ్డు ఉంది.

కోట ఎక్కదలచినవారు ఉదయపు రైలు పట్టుకోవడం మేలు. ఎండ ముదిరాక బండపై కాలు పెట్టడం కష్టం. దారిలో నీడ తక్కువ కనుక తాగునీరు కిందనే తెచ్చుకోవాలి. వాన కురిసిన రోజు బండ జారుతుంది.