పూరీ మన సంప్రదాయమేనా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో పూరీల మీద చిన్న సైజు యుద్ధం జరిగింది. నాన్నకి ఈ మధ్య షుగర్ వచ్చింది. నూనెలో వేయించినవి తగ్గించమని డాక్టర్ గారు చెప్పారు. అమ్మ ఆ మాట పట్టుకుని ఆదివారం పూరీని ఏకంగా రద్దు చేసేసింది. నాయనమ్మ ఒప్పుకోలేదు. "అరవై ఏండ్ల సంది ఈ ఇంట్ల ఐతారం అంటే పూరీలే" అని వంటింట్లో స్టూలేసుకుని కూర్చుంది. నాన్నేమో "అది మన సంప్రదాయం కదా" అని ఒక్క ముక్క అనేసి పేపర్లో తల దూర్చారు (తినాలని ఉంది, అడిగే ధైర్యం లేదు).

నేను ఆ సంప్రదాయం అనే మాట దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి గొడవ గురించే రెండేళ్ల కిందట అమెరికాలో విన్నాను.

అప్పుడు ఆన్‌సైట్ పని మీద రెండు నెలలు ఫీనిక్స్‌లో ఉన్నా. ఒక శనివారం టీమ్‌లో ఒకతను సంతకి తీసుకెళ్లాడు. అతను నావహో తెగ వాడు. అక్కడ ఒక స్టాల్‌లో ఫ్రై బ్రెడ్ అని ఇచ్చారు. చూస్తే అచ్చం మన భటూరా! దాని మీద ఉడికించిన చిక్కుడు గింజలు, మాంసం, చీజ్ వేస్తే కారం వంట. తేనె, పంచదార పొడి వేస్తే తీపి వంట. "ఇది మీ సంప్రదాయ వంటా?" అని అడిగా. అతను నవ్వి, "మా అమ్మమ్మ ఇది లేకుండా పండగ చెయ్యదు, మా అక్క దీన్ని ముట్టుకోదు, ఇంట్లో రోజూ గొడవే" అన్నాడు. హోటల్ రూమ్‌కి వచ్చాక కూర్చుని చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1863-64లో అమెరికా సైన్యం, కిట్ కార్సన్ అనే అతని నాయకత్వంలో, నావహోల పొలాలు తగలబెట్టింది, మేకల్ని గొర్రెల్ని చంపింది. ఆకలికి లొంగిపోయిన వాళ్లని నాలుగైదు వందల కిలోమీటర్లు నడిపించి, న్యూ మెక్సికోలో బోస్కె రెడోండో అనే చోట నిర్బంధించారు. దాన్ని వాళ్లు 'లాంగ్ వాక్' అంటారు. ఎనిమిది వేల మందికి పైగా అక్కడ ఉన్నారు. వేసిన మొక్కజొన్న పురుగు పట్టి పోయింది, తాగే నీళ్లు ఉప్పటివి. ప్రభుత్వం ఇచ్చే రేషన్ మీదే బతకాలి. అందులో తెల్ల గోధుమ పిండి ఉండేది. మొక్కజొన్న తినే వాళ్లకి అది తెలియని పిండి. ఆ పిండిని ఉప్పు నీళ్లతో కలిపి, చేత్తో వొత్తి, పంది కొవ్వులో వేయించారు. ఫ్రై బ్రెడ్ అలా పుట్టిందని నావహోలు చెప్పుకుంటారు. 1868 జూన్‌లో ఒప్పందం కుదిరి సొంత నేలకి తిరిగొచ్చారు గానీ, ఆ వంట వాళ్లతోపాటే వచ్చేసింది. తర్వాత రిజర్వేషన్లలో కూడా ప్రభుత్వం పంచింది పిండి, కొవ్వే కాబట్టి మిగతా తెగలకీ పాకింది.

మన భాషలో చెప్పాలంటే, గత్యంతరం లేక రాసిన వర్క్‌అరౌండ్ ప్రొడక్షన్‌లోకి వెళ్లి ఫీచర్ అయి కూర్చుంది. 2005లో సౌత్ డకోటా దాన్ని తమ రాష్ట్ర రొట్టెగా ప్రకటించింది. అదే ఏడాది సుజన్ షోన్ హార్జో అనే ఆదివాసీ హక్కుల కార్యకర్త, ఇది మా వంట కాదు, మమ్మల్ని జబ్బు మనుషుల్ని చేసిన వంట అని గట్టిగా రాసింది. షాన్ షెర్మన్ అనే లకోటా వంటగాడు 2021లో మినియాపొలిస్‌లో ఒవామ్ని అనే రెస్టారెంట్ పెట్టాడు. అక్కడ గోధుమ పిండి, పాలు, చెరుకు పంచదార ఏవీ వాడరు. ఫ్రై బ్రెడ్ ఊసే లేదు.

సరే, ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి కదా, చిక్కడపల్లి పూరీకి దీనికి ఏం సంబంధం అంటారా? నేనూ అలాగే అనుకుని, ఆ ఆదివారం నాయనమ్మని కదిపాను.

నాయనమ్మ పుట్టింది నల్గొండ వైపు పల్లెలో. ఆవిడకి రొట్టె అంటే జొన్న రొట్టే. నూనెలో వేయించినవి లేవా అంటే బోలెడు. సకినాలు, గారెలు, చెక్కలు, అరిసెలు... కానీ అన్నీ బియ్యం, పప్పులతోనే. 1963లో పెళ్లై చిక్కడపల్లి వచ్చేదాకా ఇంట్లో గోధుమ పిండి చూడలేదట.

"గప్పుడు రేషన్ల గోధుమలు ఇచ్చేటోళ్లు బిడ్డా. అమెరికా గోధుమలు అనేటోళ్లు. ముషీరాబాద్ల గిర్నీకి మోసుకపోయి పట్టిచ్చుకొచ్చేదాన్ని."

ఆ అమెరికా గోధుమల కథ కొంచెం పెద్దది. 1954లో అమెరికా పబ్లిక్ లా 480 అని ఒక చట్టం చేసింది. వాళ్ల దగ్గర పేరుకుపోయిన ధాన్యాన్ని డాలర్లు లేని దేశాలకి వాళ్ల వాళ్ల కరెన్సీలో అమ్మడం. మనం 1956 ఆగస్టులో సంతకం పెట్టాం. అందరూ పి.ఎల్.480 గోధుమలు అనేది వాటినే. 1965లో యుద్ధం, కరువు కలిసొచ్చాయి. సోమవారం రాత్రి భోజనం మానెయ్యమని శాస్త్రి గారు దేశాన్ని అడిగింది అప్పుడే. 1966లో దాదాపు కోటి టన్నుల తిండి గింజలు దిగుమతి చేసుకున్నాం. వియత్నాం విషయంలో మన మాటలు నచ్చని జాన్సన్ ప్రభుత్వం ఏడాదికి సరిపడా ఇవ్వకుండా నెలనెలా లెక్కపెట్టి ఓడలు పంపేది. ఓడ ఆలస్యమైతే రేషన్ షాపు ఖాళీ. ఆ అవమానమే హరిత విప్లవానికి ఒక కారణం. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనాలు తెచ్చారు, 1968లో పంట దాచడానికి చోటు చాలలేదు.

(ఇందులో ఒక తమాషా ఉంది. మనం కట్టిన రూపాయలు మన దేశంలోనే పేరుకుపోతే, వాటిలో కొంత పెట్టి 1962 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన భాషల పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకి పంపింది. అందులో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. మీలో ఎవరైనా అక్కడ ఎమ్మెస్ చేస్తూ లైబ్రరీలో పాత తెలుగు నవల చూసి ఆశ్చర్యపోయి ఉంటే, అది గోధుమల డబ్బుతో కొన్నది కావచ్చు. చివరికి 1974లో లెక్క తేల్చి, 1,664 కోట్ల రూపాయలు మాఫీ చేస్తూ అమెరికా రాయబారి చెక్కు రాసిచ్చాడు.)

మళ్లీ మా వంటింట్లోకి వద్దాం. కొత్త కోడలు గోధుమ పిండిని ఏం చేసిందంటే, తనకి తెలిసిందే చేసింది. జొన్న రొట్టెలాగా చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లు తడిపి కాల్చింది. "సల్లారినంక చెప్పు లెక్క సాగింది. మీ తాత రొట్టెను చూసి నవ్విండు. నాకు ఏడుపొచ్చింది." కింది వాటాలో ఉన్న మరాఠీ ఆవిడ జాలిపడి పైకొచ్చి, పిండి గట్టిగా తడిపి, పీట మీద కర్రతో చిన్నగా వత్తి, పల్లి నూనెలో వేసి చూపించింది. అది పొంగింది. నాయనమ్మ అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పొంగడం గురించి చెప్పేటప్పుడు చేతులు గుండ్రంగా పెట్టి చూపించింది.

నాకు వెంటనే బోస్కె రెడోండో గుర్తొచ్చింది. తెలియని పిండి వచ్చిపడ్డ ప్రతి వంటింటికీ నూనె ఒక దగ్గరి దారి. గోధుమలో గ్లూటెన్ సాగుతుంది, జొన్నలో అది లేదు. వేడి నూనెలో పడగానే లోపలి నీళ్లు ఆవిరై ఆ సాగే పొరని పైకి తోస్తాయి. ఓవెన్ అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు, చేసిన తప్పులన్నీ నూనె కప్పేస్తుంది. కానీ పోలిక ఇక్కడితో ఆపాలి. మన మీద ఎవరూ తుపాకీ పెట్టి నడిపించలేదు. పూరీ ఉత్తరాదిలో అప్పటికే ఉంది, నారాయణగూడ హోటళ్లలో డబ్బున్నవాళ్లు తింటూనే ఉన్నారు. మన ఇళ్లలోకి మాత్రం రేషన్ కార్డు పట్టుకుని వచ్చింది. దాన్ని అనాది సంప్రదాయం అనడం చరిత్ర తెలియకపోవడం. అలాగని పరాయి తిండి అని తోసెయ్యడం, ఏడ్చి నేర్చుకున్న ఆ కోడల్ని అవమానించడం.

"మరి ఆదివారమే ఎందుకు?" అని అడిగా. ఇక్కడే అసలు సంగతి బయటపడింది.

"నూనె పిరంగుండె. వారానికి ఒక్కపారి పొయ్యి మీద కడాయి పెడితే గొప్ప. మీ తాతకు మూడు, పిల్లగాండ్లకు రెండు రెండు. నాకు మిగిల్తే ఒకటి."

అంటే మా ఇంటి సంప్రదాయంలో పూరీ ఒక్కటే లేదు, లెక్క కూడా ఉంది. తర్వాత రేషన్‌లో పామాయిల్ వచ్చింది, జీతాలు పెరిగాయి, లెక్క పోయింది. ఇప్పుడు అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు ఏ రోజైనా బండి దగ్గర పూరీ తినొచ్చు. మా నాన్న ఆదివారం కూర్చుంటే ఎనిమిదికి తగ్గరు. నావహోల్లో షుగర్ ఎక్కువ, అక్కడి పిండి-కొవ్వు రేషన్‌కి అందులో పెద్ద వాటా ఉంది. రోజంతా కుర్చీలో కూర్చునే మన ఐటీ జనం కూడా ఈ లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది.

యుద్ధం రాజీతో ముగిసింది. ఆదివారం పూరీ ఉంటుంది, తాతయ్య లెక్కనే. నాన్నకి మూడు. బుధవారం జొన్న రొట్టె, నేర్పే బాధ్యత నాయనమ్మది, నేర్చుకునే ఖర్మ నాది.

ఆ సాయంత్రం ఫ్రై బ్రెడ్ కూడా చేశాను. రెండు కప్పుల మైదా, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, ఉప్పు, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు. మెత్తగా కలిపి అరగంట వదిలేసి, కర్ర వాడకుండా చేత్తోనే అరచేయంత వొత్తి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, రెండు వైపులా ఎర్రగా వేయించాలి. చిల్లు వల్ల మధ్యలో పచ్చిగా ఉండదు. సగం బొంబాయి చట్నీతో, సగం బెల్లం పాకంతో తిన్నాం. నాయనమ్మ ఒక ముక్క నమిలి, "మైసూర్ బోండాను తట్టినట్టుంది" అని తేల్చేసింది. తర్వాత వాళ్ల కథ మొత్తం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "పాపం, వాళ్లకు కింది వాటాల ఎవ్వరు లేకపాయె" అంది.

మీ ఇంట్లోకి గోధుమ పిండి ఎప్పుడొచ్చింది, మొదటి పూరీ ఎవరు నేర్పారు? మీ నాయనమ్మనో అమ్మమ్మనో ఈ ఆదివారం అడిగి చూడండి. అడిగే అవకాశం ఉన్నప్పుడే అడగండి.