రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య

మంట దగ్గరికి జరగండ్రా అబ్బయా. ఆ తాటిమట్ట లోపలికి నెట్టు, పొగంతా అమ్మణ్ణి కళ్లల్లోకి పోతా ఉంది. ఆఁ, ఇందాక ఏందో అడిగావే, మీ కాలంలో పిల్లల కథలు రాసేవాళ్లకి ఏం దక్కేది తాతా అని? ఏమీ దక్కేది కాదు. పెద్దోళ్ల కోసం రాస్తే కవిగారు అనేవాళ్లు, పిల్లోళ్ల కోసం రాస్తే పనిలేనివాడు అనేవాళ్లు. అట్టాంటి రోజుల్లో ఆలుమగలిద్దరూ బతుకంతా పిల్లలకే ధారపోశారు. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. ఈ పేర్లు మాకు చాన్నాళ్లు తెలవనే తెలవవు. మాకు తెలిసింది రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. అంతే.

మద్రాసులో రేడియో స్టేషను పెట్టింది 1938లో. మన నెల్లూరికి మద్రాసు ఎంత దూరం? పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగొచ్చు. అందుకే ఆ స్టేషను మనకి బాగానే పలికేది. ఊరు మొత్తానికి రేడియో ఉండేది కరణం గారింట్లోనే. వాల్వుల రేడియో. మీట తిప్పంగానే పలకదు, లోపల వేడెక్కిందాకా కూర్చోవాల. ఏటా పోస్టాఫీసులో దానికి లైసెన్సు డబ్బు కట్టాల. మామూలు రోజుల్లో మమ్మల్ని దాని దాపులకు రానిచ్చేవాళ్లు కాదు. అన్నయ్య అక్కయ్యలు నడిపే పిల్లల కార్యక్రమం వచ్చే పూట మాత్రం కరణం గారి భార్య అరుగు మీద చాప పరిచేది. ఆ తల్లి చల్లంగుండాల.

మేము ఏం విన్నామో చెప్పమంటావా? కథలు, పాటలు, పొడుపు కథలు, చిన్న చిన్న నాటకాలు. అవి ఇంట్లో జేజి దగ్గరా వినొచ్చు. కాని ఆడ మాట్లాడేది మా ఈడు పిల్లోళ్లే! అదీ మమ్మల్ని పట్టేసింది. అన్నయ్యా అక్కయ్యా నాలుగు మాటలు అందించి పక్కకు తప్పుకొనేవాళ్లు, మిగతాదంతా పిల్లల గోల. అప్పట్లో ముందే టేపు మీద పట్టి తీరిగ్గా వేసేది లేదు గదా. స్టూడియోలో పిల్లోడు తుమ్మితే ఇక్కడ మన అరుగు మీద వినపడేది. పెద్దలు నోరు తెరిస్తే పిల్లోళ్లు నోరు మూసుకోవాల్సిన కాలంలో, పిల్లోడు మాట్లాడతా ఉంటే కరణం గారంతటివాడు చెవులు రిక్కించి వినడం, అబ్బో, మాకు అది తిరునాళ్లే.

రేడియోకి రాయడం తేలికనుకుంటారు గాని, చాలా కష్టం. పుస్తకంలో అయితే రాజు కోపంగా చూశాడని రాసేయొచ్చు. రేడియోలో ఆ చూపు యాడ కనపడుద్ది? రాజు పళ్లు కొరికితేనో, కత్తి ఖణేల్మంటేనో గాని కోపం వచ్చినట్టు తెలవదు. ఇంకోటి, పలికేది ఏడేళ్ల పిల్లోడు. వాడి నాలిక తిరగని మాట ఒక్కటి పెట్టినా ఆడే తడబడతాడు, ఊపిరి అందనంత వాక్యం పెడితే మధ్యలో నిలిచిపోతాడు. గడియారం ముల్లు చూసుకుంటా, ఇంకెంతసేపు ఉందో లెక్క పెట్టుకుంటా రాయాల. వ్యాకరణం వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు, ఈ విద్య వచ్చినవాళ్లు తక్కువ.

రాఘవరావు గారు పుట్టింది బరంపురంలో, 1905లో. మద్రాసులో కార్యక్రమం నడుపుతా ఉన్నా, రేడియోలో దొరికే ఆ కాసింత సమయం ఎంతమంది పిల్లలకు సరిపోద్ది? అందుకని 1940లో ఆలుమగలు ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. పిల్లలు చేరి ఆడి పాడి నాటకాలు వేసుకునేదానికి. ఆ తర్వాత 1945 ఆగస్టులో ‘బాల’ అని మాసపత్రిక. యుద్ధం అప్పుడే ముగిసింది, కాగితానికి కటకట, పిల్లల పత్రికంటే మాటలా? మీరు చందమామ చందమామ అంటారే, అది పుట్టింది 1947 జూలైలో. ‘బాల’ దానికంటే రెండేళ్లు పెద్దది.

మద్రాసులో ఉండే మా మేనమామ ఒకాయన ‘బాల’ పంపేవాడు. ఊళ్లో పిల్లలందరి చేతుల్లో నలిగి మా ఇంటికి తిరిగి వచ్చేసరికి అట్ట ఉండేది కాదు. అందులో లటుకు, చిటుకు అనే పాత్రల చతుర్లకి మేము పొర్లి పొర్లి నవ్వేవాళ్లం. పిల్లలు రాసి పంపినవి కూడా వేసేవాళ్లు. ముళ్లపూడి వెంకటరమణ గారి మొదటి కథ అచ్చయింది అందులోనే, 1945లో. ‘అమ్మ మాట వినకపోతే’ అని. అప్పటికి ఆయనకి పద్నాలుగేళ్లు. బాపు గారు బొమ్మలు వేయడం మొదలు పెట్టిందీ ఆడే. ఆయన ఇంకా చిన్నోడు. వీళ్లు పెద్దయ్యి ఎంతటివాళ్లయినారో మీకు చెప్పేది ఏముంది. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లోడి రాత చూసి, ఇది అచ్చేయొచ్చు అనుకోవడానికి గుండె కావాల, కన్నూ కావాల. నన్నడిగితే రాఘవరావు గారు రాసిన కథలన్నిటి కంటే ఇదే పెద్ద పని.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మకాం హైదరాబాదుకు మార్చారు. ఆకాశవాణిలో బాలానందం కార్యక్రమం, నారాయణగూడలో సంఘం, రెండూ ఆడ నడిచాయి. ‘బాల’ మాత్రం 1959తో ఆగింది. 1980లో అక్కయ్య పోయింది, 1984లో అన్నయ్య.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కాగితం మీద రాసినోడి పేరు ఏదో ఒక బీరువాలో మిగులుద్ది. గాలిలోకి పలికించినోడి రాత ఆ పూటతోనే సరి. అన్నయ్య అక్కయ్య రాసి పలికించిందాంట్లో ఎక్కువ భాగం విన్నవాళ్ల చెవుల్లోనే ఉండిపోయింది, ఆ చెవులున్న మేమా, ఒక్కొక్కరమే తరిగిపోతా ఉన్నాం. సాహిత్య చరిత్రలు రాసేవాళ్లు ఈ దంపతులకి రెండు పంక్తులు ఇచ్చి సరిపెట్టడం అన్యాయం. అందులోనూ అక్కయ్య పేరు అన్నయ్య వెనకాల తోకలా తగిలించడం ఇంకా అన్యాయం. ఆమె గొంతు కోసమే చాప మీద కూర్చున్న ఆడపిల్లలు మా ఊళ్లోనే ఉండిరి.

సరే, నిద్రలొస్తా ఉన్నట్టున్నాయి, లేవండి. రేపు ఎవరింట్లోనైనా అటక దులిపేటప్పుడు అట్ట లేని ‘బాల’ సంచిక కనపడితే తూకానికి వేసేయబాకండి. తెచ్చి నాకియ్యండి, లేదంటే ఏదన్నా గ్రంథాలయంలో అప్పగించండి.