టెలివిజన్ కోర్టు కార్యక్రమాలు: కక్షిదారులు, కేసులు, తీర్పులు

న్యాయమూర్తి గౌను వేసుకున్న వ్యక్తి ఎదుట వాది, ప్రతివాది తమ గొడవ చెప్పుకోగా, అరగంటలోనో గంటలోనో తీర్పు వెలువడే స్టూడియో కార్యక్రమాలను టెలివిజన్ కోర్టు కార్యక్రమాలు అంటారు. అసలు కోర్టులో కెమెరా పెట్టి విచారణను చూపే ప్రసారాలు ఈ కోవలోకి రావు. వీటిలో మనుషులూ కేసులూ నిజమైనవేనా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో ఔననో కాదనో తేల్చేసే రచనలు చాలానే ఉన్నాయి. అవి సాధారణంగా మూడు విషయాలను ఒక్కటిగా కలిపేస్తాయి. వచ్చినవాళ్లు నటులా కాదా, వాళ్ల మధ్య వివాదం ఉందా లేదా, వెలువడిన తీర్పు కోర్టు తీర్పేనా అన్నవి వేర్వేరుగా చూడవలసినవి. అమెరికాలో పేరుపొందిన కార్యక్రమాల వరకు మొదటి రెండు అంశాలూ చాలామటుకు నిజమే, మూడోది కాదు.

ఈ తరహా కార్యక్రమాల్లో మొదటిది ఏదన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. టెలివిజన్ కన్నా ముందే, 1930ల నడుమ, న్యూయార్క్ రేడియోలో ‘గుడ్‌విల్ కోర్ట్’ వచ్చింది. అందులో మామూలు జనం తమ కష్టాలు చెప్పుకుంటే అసలు న్యాయమూర్తులే సలహా ఇచ్చేవారు. న్యాయవాదులు, న్యాయమూర్తులు అందులో పాల్గొనరాదని అక్కడి కోర్టు ఆదేశించడంతో 1936 చివర్లో ఆగిపోయింది. ఆ తర్వాతి తరం కార్యక్రమాలు నటుల వైపు మళ్లడానికి ఈ నిషేధం కూడా ఒక కారణం కావచ్చు. 1957లో మొదలైన ‘డైవోర్స్ కోర్ట్’ అసలు విడాకుల కేసులను ఆధారం చేసుకుని నటులతో ఆడించిన నాటకం. 1980లలో మళ్లీ వచ్చినప్పుడూ అంతే. అదే పేరుతో 1999లో మొదలైన మూడో రూపంలో మాత్రం నిజమైన దంపతులు వచ్చారు. కార్యక్రమం పేరు ఒకటే కాబట్టి పద్ధతీ ఒకటే అనుకోవడం వల్ల కొంత గందరగోళం పుట్టింది.

అసలు మలుపు 1981 సెప్టెంబరులో మొదలైన ‘పీపుల్స్ కోర్ట్’. లాస్ ఏంజిలిస్‌లో న్యాయమూర్తిగా చేసి రిటైరైన జోసెఫ్ వాప్నర్ అందులో తీర్పరి. చిన్న మొత్తాల దావాలు వినే కోర్టుల్లో నమోదైన కేసులను నిర్మాతల సిబ్బంది వెతికి, ఇరుపక్షాలకూ కబురు పెట్టేవారు. ఒప్పుకున్నవాళ్లు ఆ దావాను కోర్టు నుంచి ఉపసంహరించుకుని, ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి చెప్పే తీర్పుకు, కట్టుబడతామని రాతపూర్వకంగా సంతకం చేయాల్సి ఉండేది. మాన్‌హట్టన్ కుటుంబ న్యాయస్థానంలో పనిచేసి వచ్చిన జుడిత్ షైండ్లిన్ 1996 నుంచి 2021 వరకు నడిపిన ‘జడ్జ్ జూడీ’దీ ఇదే పద్ధతి. అక్కడ గరిష్ఠంగా 5,000 డాలర్ల వరకే ఇప్పించే వీలుండేది. వాది గెలిస్తే ఆ సొమ్ము చెల్లించేది ప్రతివాది కాదు, నిర్మాతలు. ప్రయాణం, బస ఖర్చులూ వారివే. చిత్రీకరణ లాస్ ఏంజిలిస్‌లోనే అయినా ఆమె వెనక న్యూయార్క్ రాష్ట్ర జెండా ఉండేది. బెంచీల మీద కూర్చున్న ప్రేక్షకులు డబ్బిచ్చి పిలిపించిన జూనియర్ ఆర్టిస్టులు. అంటే తగాదా నిజం, దాని చుట్టూ కట్టినది సెట్టు.

ఇది కోర్టు తీర్పు కాదనడానికి ప్రధానమైన అభ్యంతరం ఒకటుంది. ఆర్బిట్రేటర్ తీర్పుకు చట్టబలం ఉంటుంది కదా, మరి దాన్ని కోర్టు తీర్పు కాదనడం ఎలా? బలం ఉన్న మాట నిజమే. అయితే అది రాజ్యం ఇచ్చిన అధికారం నుంచి కాక, కక్షిదారులు చేసిన సంతకం నుంచి వస్తుంది. ఒప్పందంలో రాసుకున్న హద్దు దాటితే ఆ బలం పోతుంది. వస్తువుల పంచాయితీ కోసం వచ్చిన ఒక జంట విషయంలో షైండ్లిన్ పిల్లల సంరక్షణ మీద కూడా తీర్పు చెప్పగా, ఆ భాగం చెల్లదని న్యూయార్క్ కోర్టు తర్వాత కొట్టేసింది. నిజమైన కోర్టుతో అసలు తేడా డబ్బులో ఉంది. ఓడినవాడి జేబుకు చిల్లు పడనప్పుడు ఓటమి అంటే తిట్లు తినడమే. పోయేదేమీ లేనివాడి సాక్ష్యాన్ని, ఇల్లో జీతమో జప్తు అవుతుందన్న భయంతో చెప్పే సాక్ష్యంతో సమానంగా తూచలేం.

‘జడ్జ్ జూడీ’లో 2010లో ప్రసారమైన ఒక కేసు, ఉచిత ప్రయాణం కోసం కొందరు స్నేహితులు కల్పించుకున్న కథేనని 2013లో బయటపడింది. అన్నీ కల్పితాలే అనడానికి దీన్ని ఉదాహరణగా చూపుతుంటారు. నిజానికి ఇది దానికి విరుద్ధమైన సాక్ష్యం. నిర్మాతలే కథలు రాయించుకునేవారైతే వారిని మోసగించాల్సిన అవసరం ఎవరికీ రాదు. అయితే పూర్తిగా కల్పిత కేసులతో నడిచే కార్యక్రమాలూ అమెరికాలో ఉన్నాయి. ‘అమెరికాస్ కోర్ట్ విత్ జడ్జ్ రాస్’ అలాంటిది. ఆ విషయం చివర్లో పరుగెత్తే చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చదివేవారు అరుదు.

జర్మనీ అనుభవం ఇంకా స్పష్టమైనది. సాట్ 1 ఛానెల్‌లో 1999లో మొదలైన ‘రిష్టరిన్ బార్బరా సాలెష్’ నిజమైన చిన్న తగాదాలకు ఆర్బిట్రేషన్‌గానే నడిచింది. ఆదరణ అంతంతమాత్రంగా ఉండటంతో మరుసటి ఏడాదే కల్పిత క్రిమినల్ కేసులకు, ఔత్సాహిక నటులకు మారింది. అప్పుడు విజయం సాధించింది. సాలెష్ మాత్రం అసలు న్యాయమూర్తే. అక్కడ తీర్పరి నిజం, కేసు కల్పితం. అమెరికాలో కేసు నిజం, కోర్టు కల్పితం.

భారతదేశంలో 2008లో స్టార్ ప్లస్‌లో మాజీ ఐపీఎస్ అధికారిణి కిరణ్ బేడీ నిర్వహించిన ‘ఆప్ కీ కచహరీ’ ఈ కోవలో బాగా తెలిసినది. తెలుగులో ‘బతుకు జట్కా బండి’ వంటివి కుటుంబ కలహాల పంచాయితీలు; వాటిలో తీర్పరులు సినిమా నటీమణులే. వీటిని అమెరికా నమూనాతో పోల్చేటప్పుడు ఒక అంశం తరచు విస్మరణకు గురవుతోంది. భారతదేశపు 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం మధ్యవర్తి తీర్పును కోర్టు డిక్రీలా అమలు చేయించుకోవచ్చు. కానీ విడాకులు, పిల్లల సంరక్షణ వంటివి ఆర్బిట్రేషన్‌కు లొంగని వివాదాలని సుప్రీంకోర్టు 2011లో బూజ్ అలెన్ కేసులో పేర్కొంది. కాబట్టి ఆ స్టూడియోలో భార్యాభర్తలు ఏ కాగితం మీద సంతకం చేసినా, విడాకుల మీదో పిల్లల సంరక్షణ మీదో అక్కడ చెప్పిన మాటకు సలహా విలువే తప్ప తీర్పు హోదా లేదు.