వెబ్ పుటలో చట్రముల కథ

పుస్తకములో విషయసూచిక ఒక్కచోటనే అచ్చగును. వెబ్‌సైటులో అట్లు కాదు; ఏ పుట తెరచినను తక్కిన పుటలకు దారి అక్కడనే కనబడవలెను. 1990 తరువాతి దశకములో సొంత వెబ్‌సైటు నిర్మించుకొనిన వారికి ఇదే పెద్ద చిక్కు. ఇరువది పుటలున్నచో లంకెల పట్టికను ఇరువది చోట్ల వ్రాయవలెను. కొత్త పుట చేర్చినపుడు అన్నింటిని దిద్దవలెను.

1996లో విడుదలైన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఒక ఉపాయము చూపినది. అదే ఫ్రేము, అనగా చట్రము. తెరను రెండు గదులు చేసి ఎడమ గదిలో సూచికను, కుడి గదిలో విషయమును ఉంచవచ్చును. సూచిక ఒకే ఫైలు. కుడివైపు పుటలు మారినను అది కదలదు. శ్రమ ఎంత తగ్గినదో చెప్పనక్కరలేదు!

లోపము చిరునామాలో ఉన్నది. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాలలో రూపొందించిన వెబ్‌కు, ప్రతి పుటకు ప్రత్యేకమైన చిరునామా ఉండుటయే ప్రాణము. చట్రములలో ఏ పుట చదువుచున్నను పైన కనబడునది మొదటి పుట చిరునామాయే. ఒక విద్యార్థి ఆరవ పుటను గుర్తు పెట్టుకొనినచో, మరునాడు తెరచుకొనునది మొదటి పుట. సెర్చ్ ఇంజన్ ద్వారా వచ్చినవానికి కుడి గది పుట ఒక్కటే దొరకును, సూచిక ఉండదు. వీధి గుమ్మము ఎరుగక నడిమింట దిగిన చుట్టము వంటివాడతడు.

1996 డిసెంబరులోనే జాకబ్ నీల్సన్ ఈ లోపములను ఎత్తి చూపిరి. అయినను 1997 డిసెంబరులో హెచ్‌టిఎంఎల్ 4.0 చట్రములకు ప్రామాణిక స్థానమిచ్చినది. కట్టువాని సౌకర్యము ముందు చదువరి ఇబ్బంది చిన్నదిగా తోచినది కాబోలు. 2014 నాటి హెచ్‌టిఎంఎల్5 ఈ గదుల విభజనను వాడరాదన్నది. నేడు సూచికను ఒకచోటనే వ్రాసినను, ప్రోగ్రాము దానిని ప్రతి పుటలోను చేర్చును. తెరపై కదలకుండ నిలుపుట సిఎస్ఎస్ పని.