గగనతలంలో పుట్టిన జేయూనిట్

1997 అక్టోబరు. జ్యూరిక్‌లో లేచిన విమానం అట్లాంటిక్ దాటి అట్లాంటాకు వెళుతోంది. అందులో ఇద్దరు ప్రోగ్రామర్లున్నారు. ఒకరు స్విట్జర్లాండ్‌కు చెందిన ఎరిక్ గామా. ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం రాసిన నలుగురిలో ఆయనొకరు. రెండోవారు అమెరికన్ కెంట్ బెక్. స్మాల్‌టాక్ భాషలో ఆరితేరినవారు. క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల లెక్కల ప్రాజెక్టులో పనిచేస్తూ ‘ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్’ అనే పద్ధతికి రూపం ఇస్తున్నారు. ఇద్దరూ వెళుతున్నది ఊప్స్లా అనే ప్రోగ్రామింగ్ సదస్సుకే.

ప్రయాణం చాలా దూరం. ల్యాప్‌టాప్ తెరిచారు. రాసిన కోడ్‌ను కోడ్‌తోనే పరీక్షించే ఏర్పాటు ఒకటి బెక్ అప్పటికే స్మాల్‌టాక్‌లో చేసుకుని ఉన్నారు. జావా భాష లోకానికి పరిచయమై రెండేళ్లే. దానికీ అలాంటిది కావాలి. ఇద్దరూ జంటగా మొదలుపెట్టారు. పరీక్షలు నడిపే ఆ పనిముట్టుకే ముందు పరీక్ష రాశారు, అది పాసయ్యేందుకు కావలసిన కోడ్ ఆ తర్వాత రాశారు. విమానం దిగేసరికి జేయూనిట్ మొదటి రూపం సిద్ధం.

అది ఎలా పనిచేస్తుందో వాళ్లే 1998లో ‘జావా రిపోర్ట్’ పత్రికలో వివరించారు. ఉదాహరణగా డబ్బును తీసుకున్నారు. 12 స్విస్ ఫ్రాంకులకు 14 ఫ్రాంకులు కలిపితే 26 రావాలి. ముందు ఈ మాటనే టెస్ట్‌గా రాయాలి. ఇక్కడో చిక్కుంది. జావాలో మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, విడివిడిగా సృష్టించిన రెండు 26 ఫ్రాంకుల ఆబ్జెక్టులు సమానం కావు. విలువ ఒకటే అయినా అవి వేరువేరు వస్తువులనే జావా లెక్క. కాబట్టి ‘సమానం’ అంటే ఏమిటో ప్రోగ్రామర్ ముందు తేల్చుకోవాలి. టెస్ట్ రాయడం మొదలుపెట్టగానే ఈ ప్రశ్న ఎదురవుతుంది. టెస్ట్ రాయకపోతే అదే ప్రశ్న ఆరు నెలల తర్వాత కస్టమర్ ఫిర్యాదుగా వస్తుంది. ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. ఇక టెస్టులు నడిపాక అన్నీ పాసైతే తెరమీద ఆకుపచ్చ పట్టీ, ఒక్కటి తప్పినా ఎర్ర పట్టీ.

కోడ్ రాసుకునే ఎడిటర్‌కూ జేయూనిట్ లాంటి టెస్టింగ్ టూల్‌కూ తేడా తెలియాలంటే ఆ ఫ్రాంకుల లెక్కనే కాస్త చెడగొట్టి చూడండి. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడిందనుకుందాం. సెమీకోలన్ మరచిపోతే, వేరియబుల్ పేరు తప్పితే, అంకె ఉండాల్సిన చోట అక్షరాలు ఇస్తే ఎడిటర్ వెంటనే ఎర్రగీత గీస్తుంది. మైనస్‌కు మాత్రం దానికి ఏ అభ్యంతరమూ ఉండదు, వాక్యనిర్మాణం సవ్యంగానే ఉంది కదా. టెస్ట్ మాత్రం ఊరుకోదు. రావలసింది 26, వచ్చింది మైనస్ 2 అని చెబుతుంది. ప్రోగ్రామ్ మధ్యలో కుప్పకూలితే దాన్ని ‘ఎర్రర్’ అని, నడిచి తప్పు జవాబిస్తే ‘ఫెయిల్యూర్’ అని విడదీసి మరీ చూపిస్తుంది.

ఈ రెండు పనిముట్లనూ ఒక్కచోటికి తేవడమే గామా తర్వాతి జీవితమంతా అనిపిస్తుంది నాకు. 2001 నవంబరులో ఐబీఎం తన ఎడిటర్ ఎక్లిప్స్‌ను ఓపెన్ సోర్స్ చేసింది. అందులో జావా పనిముట్ల బృందాన్ని నడిపించింది ఆయనే. జేయూనిట్‌ను ఎడిటర్‌లోంచి కదలకుండానే రన్ చేసే వీలు అక్కడ దొరికింది. 2003లో ఆయన, బెక్ కలిసి ఎక్లిప్స్‌కు ప్లగిన్లు ఎలా రాయాలో చెప్పే పుస్తకం తెచ్చారు. అందులో పాఠం కోసం కట్టి చూపించింది జేయూనిట్ ప్లగిన్‌నే.

2011లో గామా మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఆయన బృందం తెచ్చిన ఎడిటర్ వీఎస్ కోడ్ 2015 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. ఎక్లిప్స్ సకల సరంజామాతో బరువుగా వచ్చేది. వీఎస్ కోడ్ తేలిగ్గా తెరుచుకుని, ఏ భాష కావాలంటే దాని ఎక్స్‌టెన్షన్ వేసుకోమంటుంది. వేగంలో, భాషల సంఖ్యలో వీఎస్ కోడ్‌దే పైచేయి. కానీ టెస్టుల విషయంలో ఎక్లిప్స్‌దే చాలాకాలం మంచి పద్ధతి అంటాను. అక్కడ జావావాళ్లకు టెస్ట్ మొదటినుంచీ ఇంటి మనిషి. వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లన్నీ వాడుకోగల ఉమ్మడి టెస్టింగ్ ఏర్పాటు 2021లో గానీ రాలేదు.

ఎడిటర్, టెస్ట్ ఇలా ఒక్కచోటికి వచ్చినా, మన హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు చూస్తే నాకు బాధగా ఉంటుంది. జావా డెవలప్‌మెంట్ ఒక కోర్సు, సెలీనియం టెస్టింగ్ మరో కోర్సు. 2004లో షికాగోలో థాట్‌వర్క్స్ ఉద్యోగి జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టిన సెలీనియం బ్రౌజర్‌ను తానే నడిపి, బటన్లు నొక్కి, సైట్‌ను బయటినుంచి పరీక్షిస్తుంది. గొప్ప పనిముట్టే. కానీ లోపల ఒక్కో మెథడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సింది దాన్ని రాసినవాళ్లే. జావా కోర్సుకు ఫీజు కట్టినవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. ‘టెస్టింగ్ మన పని కాదు’ అనే మాటతోనే చాలామంది ఫ్రెషర్లు ఉద్యోగంలో అడుగుపెడుతున్నారు. జావా పాఠం మొదటి వారంలోనే, రెండు అంకెలు కూడే ప్రోగ్రామ్‌తో పాటే, దాని టెస్ట్ కూడా విద్యార్థుల చేత రాయించాలి.