ఏడో అడుగు

తెలుగువారి పెళ్ళిలో ముహూర్తం పెట్టేది జీలకర్ర, బెల్లానికి. అడ్డుతెరకు అటూ ఇటూ కూర్చున్న వధూవరులు ఒకరి తల మీద ఒకరు ఆ ముద్ద పెట్టే క్షణం కోసమే పురోహితుడు పదే పదే గడియారం చూస్తాడు. ఆ వెంటనే మంగళసూత్రం, తలంబ్రాలు. అక్షింతలు వేసిన చుట్టాలు అక్కడి నుంచి భోజనాల వైపు కదులుతారు. కొంగులు ముడివేసుకున్న జంట హోమం దగ్గర ఏడడుగులు వేసేసరికి పందిట్లో సగం కుర్చీలు ఖాళీ. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టం పేరుపెట్టి చెప్పిన తంతు ఆ ఏడడుగులే, అంటే సప్తపది. జీలకర్ర బెల్లం ఊసు గానీ, తాళి ఊసు గానీ ఆ చట్టం ఏడో సెక్షన్‌లో లేదు. జనం కళ్ళప్పగించి చూసేది ఒకటి, చట్టం ఎంచుకున్నది మరొకటి.

ఋగ్వేదం పదో మండలంలోని వివాహ సూక్తంలో వరుడు వధువు చేయి పట్టుకోవడం ఉంది. అగ్ని దగ్గర ఏడడుగులు వేయించే పద్ధతి వివరంగా కనిపించేది తర్వాతి గృహ్యసూత్రాల్లో. ఆశ్వలాయనుడి లెక్కలో మొదటి అడుగు అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది సంపద, నాలుగోది సుఖం, ఐదోది సంతానం, ఆరోది ఋతువులు, ఏడోది స్నేహం కోసం. ఆపస్తంబుల వరసలో మూడోది వ్రతం, ఐదోది పశువులు. స్వర్గం, మోక్షం వంటి పెద్ద కోరికలేవీ ఇక్కడ కనబడవు. తిండి, పాడి, పిల్లలు, వేళకు వచ్చే కాలాలు: అన్నీ సంసారం గడవడానికి కావలసినవే. ఉత్తరాదివారు అగ్ని చుట్టూ తిరిగే ఏడు ప్రదక్షిణలు వేరు, ఇది వేరు. హిందీ సినిమాల పుణ్యమా అని ఇప్పుడు మనవాళ్ళూ రెండింటినీ కలిపేస్తున్నారు.

ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహం కుదిరినట్టేనన్న నమ్మకానికి పెళ్ళితో పనిలేదు. పాణిని ఆ స్నేహానికి ప్రత్యేకంగా ఒక సూత్రమే రాశాడు. మహాభారతంలో సావిత్రి యముడి వెంట నడుస్తూ, పెద్దల మాట ప్రకారం నీకూ నాకూ స్నేహం కుదిరింది కాబట్టి నా మాట వినక తప్పదని వాదన మొదలుపెడుతుంది. ఆమె అక్కడ వాడుకున్నది పెళ్ళినాటి ప్రమాణాన్ని కాదు, బాటసారుల మర్యాదను.

మనుస్మృతి ఏడో అడుగును ఎక్కడ ప్రస్తావించిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ మాట వివాహ ప్రకరణంలో కాదు, ఎనిమిదో అధ్యాయంలో, కొన్నదీ అమ్మిందీ వెనక్కి తీసుకునే తగవుల మధ్య వస్తుంది. కొన్న వస్తువును పది రోజుల్లోగా తిరిగి ఇచ్చేయవచ్చు అంటూ మొదలుపెట్టి, లోపం దాచి కన్యను ఇచ్చినవాడికి జరిమానా చెప్పి, పాణిగ్రహణ మంత్రాలే భార్యాత్వానికి గుర్తు, అవి ఏడో అడుగుతో పూర్తవుతాయి అని తేలుస్తుంది. ఆరో అడుగు దాకా వెనక్కి తిరగవచ్చు, ఏడోది పడ్డాక కుదరదు. నా మటుకు నాకు ఈ తంతు ఇన్ని శతాబ్దాలు నిలబడింది భక్తి వల్ల కంటే ఈ పని వల్లేననిపిస్తుంది. పెళ్ళి ఏ క్షణాన పూర్తయిందో నలుగురూ వేలెత్తి చూపించడానికి ఒక గుర్తు కావాలి.

ఆ శ్లోకానికి ముందు శ్లోకమే పెద్ద చిక్కు తెచ్చింది. ఆ మంత్రాలు కన్యలకు మాత్రమే అంటుందది. వితంతువుకు మళ్ళీ పెళ్ళి చేస్తే ఏ మంత్రం చదువుతారని అడిగేవారికి అదే ఆయుధం. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం, ఆడపిల్ల మొదటి పెళ్ళిని చెల్లుబాటు చేసే మంత్రాలూ తంతులే వితంతువు పెళ్ళినీ చెల్లుబాటు చేస్తాయని ఒక సెక్షన్ పెట్టి జవాబిచ్చింది. చట్టం వచ్చిన పాతికేళ్ళకు గానీ మన గోదావరి ఒడ్డున పందిరి పడలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు, అదీ శాస్త్రోక్తంగా. ఊరు వెలివేసింది. వంటకూ నీళ్ళకూ మనుషులు రాకపోతే ఆ చాకిరీ ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తన నెత్తిన వేసుకున్నారు. మంత్రం లేకుండా చేసి ఉంటే అది పెళ్ళే కాదని ఊరు కొట్టిపారేసేది. మంత్రంతో చేశారు కాబట్టే అంత కోపం.

మంత్రం వద్దనుకునేవారికి 1872 చట్టం ఒక దారి చూపింది. కానీ ఆ దారిన వెళ్ళాలంటే తాను హిందువునూ కాను, ముస్లింనూ కాను, క్రైస్తవుణ్ణీ కాను అంటూ ఉన్న మతాలన్నింటినీ కాదని రాసివ్వాలి. అందుకే సంస్కర్తల్లో కొందరు తంతును వదలకుండా దాని భాషను మార్చారు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘వివాహవిధి’ రాసి, పెళ్ళిళ్ళు తెలుగులో చేయించారు. వధూవరులకు తాము ఏం ఒప్పుకుంటున్నారో తెలియాలన్నది ఆయన పట్టుదల. నాస్తికుడైన గోరా తన కూతురిని దళిత యువకుడికి ఇవ్వదలచినప్పుడు, పెళ్ళి సేవాగ్రామంలో తానే చేయిస్తానన్నారు గాంధీ. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామంలోనే జరిగింది. అప్పటికి గాంధీ లేరు.

పక్కన తమిళనాట పెరియార్ అనుచరులు పురోహితుడినే తీసేశారు. ఆ స్వాభిమాన వివాహాలు చెల్లవని మద్రాసు హైకోర్టు 1953లో చెప్పింది. అన్నాదురై ప్రభుత్వం 1967లో వివాహ చట్టానికి 7-ఎ చేర్చేదాకా ఆ దంపతుల పరిస్థితి అటూ ఇటూ కాకుండానే ఉంది. దండలో, ఉంగరాలో మార్చుకున్నా, తాళి కట్టినా అక్కడ ఇప్పుడు పెళ్ళే.

కేంద్ర చట్టం మాటలు జాగ్రత్తగా చదవాలి. ఇద్దరిలో ఎవరి ఆచారం ప్రకారం జరిగినా పెళ్ళి చెల్లుతుంది. ఆ ఆచారంలో సప్తపది ఉంటేనే ఏడో అడుగుతో అది పూర్తవుతుంది. హోమమే ఎరుగని కులాలు మనలో చాలా ఉన్నాయి కాబట్టి ఈ ‘ఉంటేనే’ చాలా విలువైనది. గృహ్యసూత్రంలో వరుడు వధువు చేత అడుగులు వేయిస్తాడు. చట్టంలో ఇద్దరూ కలిసి వేస్తారు. ఎవరూ పెద్దగా చర్చించని ఈ మార్పు నాకు నచ్చుతుంది.

కానీ కోర్టుల్లో ఇదే నిబంధన ఆడవాళ్ళ మీదకు తిరిగింది. భార్య ఉండగా మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాడిని శిక్షించాలంటే ఆ రెండో పెళ్ళి శాస్త్రప్రకారం జరిగిందని రుజువు చేయాలని 1965లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హోమం, సప్తపది జరిగినట్టూ లేదు, అవి అక్కర్లేదనే ఆచారం ఉన్నట్టూ రుజువు కాలేదు కాబట్టి నేరం నిలవలేదు. 1971 తీర్పు ఇంకో మెట్టు పైకెళ్ళి, మళ్ళీ పెళ్ళాడానని నిందితుడే ఒప్పుకున్నా చాలదంది. అంటే తంతులో ఒక అడుగు తగ్గించుకున్నవాడికి జైలు తప్పుతుంది. మొదటి భార్య మాత్రం తనను పిలవని, తాను లేని పెళ్ళిలో ఎన్ని అడుగులు పడ్డాయో సాక్షులను తేవాలి! వెనక్కి తగ్గడానికి వీల్లేకుండా కట్టిన గోడ తప్పించుకునేవాడికి తలుపైంది.

2024 ఏప్రిల్‌లో వచ్చింది మరో రకం కేసు. ఇద్దరు పైలట్లు తంతు ఏదీ లేకుండా ఒక సంస్థ ఇచ్చిన ధ్రువపత్రంతో పెళ్ళి రిజిస్టర్ చేయించుకున్నారు. పందిరి తర్వాత వేసుకుందామనుకున్నారు, ఈలోగా చెడింది. ఆ కాగితం చెల్లదని, హిందూ వివాహం ఒక సంస్కారమని, ఆటపాటలకూ విందులకూ వేడుక కాదని సుప్రీంకోర్టు అంది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2002 నుంచే పెళ్ళి నమోదు తప్పనిసరి. ఆ నమోదు జరిగిన పెళ్ళికి రుజువు మాత్రమే, జరగని పెళ్ళిని అది జరిపించలేదు.

తంతు అసలే వద్దనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పద్ధతి మీ ఇష్టం అంటుంది కానీ, వివాహాధికారి ఎదుట, ముగ్గురు సాక్షులు వింటుండగా, నిన్ను భార్యగా, నిన్ను భర్తగా స్వీకరిస్తున్నానని ఇద్దరూ నోరు తెరిచి చెప్పేదాకా పెళ్ళి పూర్తి కాదంటుంది. ఆ మాటలు వారిద్దరికీ అర్థమయ్యే భాషలోనే ఉండాలి.